గడియారం కింద వేలాడిన ఉత్తరం

మార్చి పద్నాలుగు, శుక్రవారం. ఆ మధ్యాహ్నం నేను తిన్నది రెండు రొట్టె ముక్కలు, ఒక ఉడకబెట్టిన గుడ్డు. ఉప్పు మరిచిపోయాను. మా ఆవిడ ఉన్నన్నాళ్లూ గుడ్డుతో పాటు కాగితం పొట్లంలో చిటికెడు ఉప్పు దానంతట అదే సంచిలోకి వచ్చేది. ఇప్పుడు నేను గుర్తుపెట్టుకుంటే తప్ప రాదు. సగం గుడ్డు చప్పగా తిన్నాక ఎదురుబల్ల అటెండరు ఏమీ అడక్కుండా తన ఉప్పు సీసా నా వైపు తోశాడు. ఆ రోజుకి నాకు దక్కాల్సిన మంచి దక్కేసిందని అనుకున్నాను.

కథ ఎక్కడ ఆగిందో గుర్తులేని వాళ్ల కోసం నాలుగు మాటలు. మా ఊరి పాత తపాలా కార్యాలయం మేడ మీద స్థానిక చరిత్ర భాండాగారం ఉంది. పేరు పెద్దది, గదులు నాలుగే. మా ఆవిడ అక్కడ కార్డులు రాసేది. ఏ పెట్టెలో ఏముందో, ఎవరిచ్చారో, ఎవరు చూడవచ్చో రాసిపెట్టే పని. ఆమె పోయాక, అప్పటికే కాలేజీలో పాఠాలు చెప్పడం ముగిసిన నేను, ఆమె సగంలో వదిలిన పెట్టెలు పూర్తిచేస్తానని వెళ్లి కూర్చున్నాను. జీతం లేదు, ఫ్యాను ఉంది. ఆ పెట్టెల్లో ఒకటి లైట్‌హౌస్ కాపలాదారుది. ఊళ్లో ఆయన్ని దీపాలాయన అనేవారట. అందులో ఆయన నూనె డబ్బా, పగిలిన అద్దం ముక్క, కుట్టుపనివాళ్లు వేలికి తొడుక్కునే ఒక అంగుస్తానా, దీపం వత్తితో కట్టిన ఉత్తరాల మూట. ఉత్తరాలన్నీ ఒక అమ్మాయి రాసినవి. కింద ‘నీ పిచ్చుక’ అని తప్ప పేరు లేదు. సోమవారం ప్రదర్శన మొదలుపెట్టాం. ఒక ఉత్తరాన్ని తలుపంత పెద్దది చేసి అచ్చువేయించి, హాల్లో గోడ గడియారం కింద వేలాడదీశాం. దాని కింద చిన్న అక్షరాలు: ‘రాసినవారు: పేరు తెలియని యువతి. ఇప్పుడు జీవించి లేరు.’

కిందటి వారం మనం ఆగేసరికి ఆ ఉత్తరం ముందు ఒక పెద్దావిడ, మాకు వీపు చూపిస్తూ, చాలాసేపటి నుంచి కదలకుండా నిలబడి ఉంది. కుర్చీ వేయమంటారా అని అడగడానికి దగ్గరికి వెళ్లాను. ఆవిడ ఇటు తిరిగింది.

కుట్టుపిన్ని.

ఈ ఊళ్లో బడికి వెళ్లిన ఏ పిల్లకైనా యూనిఫాం ఆవిడ చేతి మీదుగానే వచ్చింది. నాకంటే నాలుగైదేళ్లే పెద్దయినా, ఊరంతా పిన్ని అంటుంటే నేను మాత్రం వేరే ఏమని పిలుస్తాను?

"మాష్టారూ, నేను చచ్చిపోయినట్టు మీకెవరు చెప్పారు?"

నాకు వెంటనే తలకెక్కలేదు. "మీరెందుకు చచ్చిపోతారు పిన్నీ, శుభమా అని…"

"ఇక్కడ రాశారుగా. జీవించి లేరట." వేలితో ఆ చిన్న అక్షరాలను గీరింది, గోకితే ఊడి వస్తాయేమో అన్నట్టు. "పొద్దున్నే కూరలు కొనుక్కుని, ముగ్గురితో బేరమాడి వచ్చాను. ఒక్కడూ దణ్ణం పెట్టలేదు."

అప్పుడు అర్థమైంది. గోడ మీది ఉత్తరం వైపు చూశాను. సోమవారం నుంచి కళ్లకు అలవాటైపోయిన మాటలు, వాటిని రాసిన మనిషి పక్కన నిలబడి ఉండగా, కొత్తగా కనిపించాయి.

‘నీ దీపం మా కిటికీ మీదుగా తిరిగి వెళ్లగానే సూది తీసుకుంటాను. అది మళ్లీ తిరిగి వచ్చేలోపు దారం ఎక్కిస్తే ఈ వారం నువ్వు ఊళ్లోకి వస్తావు. ఎక్కకపోతే రావు. ఇవాళ మూడుసార్లు ఓడిపోయి, నాలుగోసారి దారం చివర కొరికి, దొంగాట ఆడి గెలిచాను.’

"దొంగాట అని నా అక్షరాలతో ఊరంతా చదువుకుంటోంది," అంది పిన్ని. పక్కనే దీపాలాయన వస్తువులు పెట్టిన గాజుపెట్టెలోకి వంగి చూసింది. "ఈ అంగుస్తానా కూడా నాదే. పోగొట్టానని మా అమ్మ చేత ఎన్ని తిట్లు తిన్నానో. ఈయనగారు జేబులో వేసుకుపోయాడన్నమాట."

బయట గాలి కిటికీ రెక్కను కొడుతూ ఉంది. నేను వెళ్లి గడియ పెట్టాను. వచ్చి నిలబడితే మళ్లీ కొట్టుకుంది. ఆ పూటంతా అంతే, ఏదీ పెట్టిన చోట ఉండలేదు, నాతో సహా.

"అది తీసేయండి మాష్టారూ. ఇప్పుడే తీసేయండి."

"తీద్దాం పిన్నీ. మేడం గారితో ఒక మాట…"

"రేపు పొద్దున మా ఆయన వస్తాడు." పైకి చూపించింది. "దానికి కీ ఇవ్వడానికి."

గోడ గడియారం ఉత్తరం నెత్తిమీదే టిక్కుమంటోంది. కుట్టుపిన్ని భర్త బజారులో గడియారాల కొట్టు నడుపుతాడు. ప్రతి శనివారం స్టూలెక్కి మా గడియారానికి కీ ఇచ్చి, అద్దం తుడిచి వెళతాడు. పాత గడియారాల మూతల మీద చేవ్రాళ్లు చెక్కడంలో ఆయన్ని మించినవాడు లేడని పేరు. తండ్రి చేవ్రాలు ఒక కాగితం ముక్క మీద తెచ్చిస్తే చాలు, తండ్రే వచ్చి చెక్కాడా అనిపించేలా కొడుకు చేతి గడియారం మీద దింపుతాడు. తక్కువ మాటల మనిషి.

"ఆయన గుర్తుపడతాడంటారా? ఇన్నేళ్ల కిందటి రాత."

"కొట్లో ప్రతి గడియారానికీ కట్టే చీటీ రాసేది నేనే. రోజూ చూసే రాతే. నా ‘క’కి తోక ఎటు పోతుందో ఆయనకి తెలియదా?" సంచిని ఒళ్లోకి లాక్కుని బల్ల మీద కూర్చుంది. రంగురంగుల గుడ్డ ముక్కలతో తనే కుట్టుకున్న సంచి, చెక్క గుండీలు. "ఆయనేదైనా అంటాడని కాదు నా భయం. అనడు, అదే నా భయం. తిట్టే మనిషైతే తిట్టించుకుని అన్నం పెట్టేదాన్ని. గడియారం చెడిపోతే ఆయన దాన్ని ఒక్క మాట అనడు. విప్పి, ముక్కలన్నీ తెల్లగుడ్డ మీద పరుచుకుని, చూస్తూ కూర్చుంటాడు. రేపటి నుంచి నన్నూ అలాగే పరుచుకుని కూర్చుంటాడు. ఈ వయసులో మళ్లీ ఎవరు బిగిస్తారు నన్ను?"

తనే మళ్లీ అంది, ఈసారి నా వైపు చూడకుండా.

"అయినా నేనేం తప్పు చేశాను? పెళ్లికి ముందు సంగతి. పైగా మానేసింది నేను కాదు, ఆయనే. ఆ దీపాలాయన. ఉత్తరం రాయడం ఆయన వంతు. రాయలేదు. నేను ముందు రాయకూడదని పంతం పట్టాను. ఒక చలికాలమంతా కిటికీ దగ్గర కూర్చున్నాను. దీపం వస్తుంది, పోతుంది. మనిషి లేడు, మాట లేదు. వేసవి వచ్చేసరికి గడియారాలాయన వచ్చి మా నాన్నను అడిగాడు. సరే అన్నాను."

నా నాలుక చివరికి ఒక మాట వచ్చి ఆగింది. ఆ మూటంతా చదివినవాణ్ణి నేను. అన్నిటికంటే అడుగున, చివరి ఉత్తరం పిచ్చుకదే. రెండు వాక్యాలు: ‘ఇక నాకు రాయకు. నా దారి నేను చూసుకున్నాను.’ మానేసింది ఆవిడే కదా మరి? ఇన్నేళ్లలో మనసు తనకు కావలసినట్టు సర్దుకుని ఉంటుందిలే అనుకున్నాను. మనుషులకు ఆ వెసులుబాటు ఉండాలి కూడా. ఊరుకున్నాను.

పిన్నిని వెంటబెట్టుకుని మా అధికారిణి గది తలుపు తట్టాను. వయసులో మా అమ్మాయిలాంటిది, చురుకైన మనిషి. వెనకాల అందరం నిబంధనమ్మ అంటాం. ఆ సంగతి ఆమెకూ తెలుసు. విషయమంతా విని, కళ్లజోడు తీసి, కళ్లు నొక్కుకుంది.

"అయ్యో. కూర్చోండి అమ్మగారూ. ముందు మంచినీళ్లు తాగండి."

"నీళ్లు తర్వాత తాగుతానమ్మా. ముందు అది దింపించు."

"దింపించవచ్చు. రాసినవారు బతికే ఉంటే ఎవరికీ చూపకుండా మూయమని అడిగే హక్కు వారిదే. కాకపోతే…" మాటలు కూడదీసుకుంది. "మీరే రాశారని, మూయమంటున్నారని ఒక అర్జీ ఇవ్వాలి. మీ పేరు, సంతకం. దాన్ని గుమ్మం దగ్గర హాజరు పుస్తకం పక్కనుండే దస్త్రంలో పెడతాం. ప్రదర్శన మధ్యలో ఒక వస్తువు ఎందుకు తీశారో, ఎవరు తీయమన్నారో ఊళ్లో ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు."

పిన్ని మంచినీళ్ల గ్లాసు పక్కకి జరిపింది. "అంటే, ఆ ఉత్తరం నాది కాదని ఎవరూ అనుకోకుండా ఉండాలంటే నాదేనని సంతకం పెట్టి మీ గుమ్మంలో పెట్టాలి."

"అంతేనండీ."

"భలే ఉందమ్మా మీ కొట్టు."

నిబంధనమ్మ మొహం ఎర్రబడింది. "నేను రాసిన నిబంధన కాదు అమ్మగారూ. ఎవరికిష్టం లేనివి వాళ్లు చాటుగా తీయించేస్తారని పెట్టారు. ఇదివరకు అలా పోయినవి ఉన్నాయి." అబద్ధం కాదు. ఆ పిల్ల ఆ నాలుగు గదుల కోసం ఎంత పోరాడుతుందో నాకు తెలుసు. ఇద్దరి వైపూ న్యాయం ఉన్నప్పుడు మధ్యలో నిలబడ్డవాడి కాళ్లు ఊరికే ఉండవు. నేను గదిలో అటూ ఇటూ తిరగసాగాను.

"మాష్టారూ, దయచేసి కూర్చోండి. నాకు కళ్లు తిరుగుతున్నాయి," అంది ఆమె.

కూర్చోబోతూ ఆమె బల్ల మీదున్న గాజు సీసాను చూశాను. దాన్నిండా తుప్పుపట్టిన గుండుసూదులు.

చలికాలంలో మేం ‘గుండుసూదుల వారం’ అని ఒకటి చేశాం. ఇనప సూది కాగితంలో ఉంటే తుప్పు పాకి కాగితాన్ని తినేస్తుంది. అందుకని అందరం కూర్చుని అన్ని పెట్టెల్లోనూ సూదులు ఏరిపారేశాం. సీసా నిండినందుకు ఒకరినొకరు మెచ్చుకున్నాం. సూదితో గుచ్చి ఉన్న చీటీలు కొన్ని ఊడి చేతికొచ్చాయి. అవి ఏ పెట్టెవో ఎవరూ అప్పటికప్పుడు రాసుకోలేదు. అన్నీ కలిపి ఒక పెద్ద కవరులో వేసి, దాని మీద ‘తర్వాత చూడాలి’ అని రాశాం. ఆ తర్వాత ఎవరం చూడలేదు. కాగితాన్ని కాపాడే తొందరలో ఆ కాగితం ఎందుకక్కడ ఉందో పోగొట్టుకోవడం మాలాంటి వాళ్లకే చేతనవుతుంది.

"మేడం, ఆ కవరు ఎక్కడుంది?"

ముగ్గురం బల్ల మీద కుమ్మరించాం. పసుపు చీటీలు, తెల్ల చీటీలు, సగం చిరిగినవి. పిన్ని చేతులకు ఊరుకోవడం తెలియదు. రంగుల వారీగా కుప్పలు పెట్టేసింది. తెల్లవాటిలో ఒకటి నా వేళ్ల మధ్య ఆగిపోయింది. ఆ రాత నాకు చారులో ఉప్పు సరిపోయిందో లేదో చెప్పే నాలుకంత దగ్గరిది. మా ఆవిడ రాత.

‘ఈ మూట మూసి ఉంచాలి. రాసినామె ఊళ్లోనే ఉన్నారు. ఆమె అడిగితే తప్ప ఎవరికీ చూపకూడదు.’

ఏ మూటో రాయలేదు. రాయవలసిన పని లేదనుకుంది, మూటకే గుచ్చింది కదా. కానీ పైఅంచున రెండు తుప్పు చుక్కలున్నాయి, సూది దూరిన చోటు, బయటపడ్డ చోటు. పరుగున వెళ్లి దీపాలాయన మూట చుట్టిన పాత కాగితం తెచ్చాను. దాని మీదా రెండు చుక్కలు. చీటీని దాని మీద పెడితే చుక్క మీద చుక్క, ఒత్తి పెట్టిన గుండీల్లా కూర్చున్నాయి.

నిబంధనమ్మ భూతద్దంతో చూసి ఊపిరి వదిలింది. "మూసి ఉంచవలసినదాన్ని పొరపాటున తెరిచాం. పొరపాటు మాది. అర్జీ అక్కర్లేదు. అటెండరుగారూ! స్టూలు!"

అప్పుడు నేను చీటీని తిప్పాను. వెనకవైపు ఇంకో వరుస ఉంది.

‘ఇచ్చినవారు, మూసి ఉంచమన్నవారు: బజారు గడియారాలాయన.’

నా బొటనవేలు తనంతట తనే ఆ పేరు మీదికి వెళ్లింది. ఆయనకు తెలుసు. ఎప్పటి నుంచో తెలుసు. భార్య తన పాత ఉత్తరాలు ఆయన కంట పడకూడదని ఇక్కడ వణుకుతోంది. ఆయనేమో అవి ఎవరి కంటా పడకూడదని ఎప్పుడో తెచ్చి దాచాడు. మా ఆవిడ ఈ సంగతి తెలిసి ఇంటికి వచ్చి, నా ఎదురుగా కూర్చుని రాత్రి భోజనం చేసి, ఒక్క ముక్క చెప్పకుండా నిద్రపోయిందన్నమాట.

నిబంధనమ్మ చీటీ కోసం చేయి చాపింది. ఇవ్వక తప్పలేదు. వెనక్కి తిప్పి చదివింది. ఒకసారి పిన్నిని చూసింది, ఒకసారి నన్ను. ఆ మొహంలో ఏమీ కదలనీయకుండా దాన్ని తన సొరుగులోని దస్త్రంలో పెట్టి మూసేసింది.

"ఎవరమ్మా మూయమన్నది?" అని పిన్ని అడిగింది.

"ఇచ్చినవారండీ."

"అదే, ఎవరిచ్చారు?"

"చెప్పకూడదు అమ్మగారూ. నిబంధన."

నిబంధనలకు చేతులుంటే ఆ క్షణాన పట్టుకుని కళ్లకద్దుకునేవాణ్ణి.

హాల్లో అటెండరు ఉత్తరాన్ని దింపి చాపలా చుట్టాడు. గోడ మీద తలుపంత ఖాళీ చోటు మిగిలింది. పిన్ని దాని ముందు నిలబడి, పెద్ద పని ముగిసినట్టు భుజాలు దించింది. వెళ్లిపోతుందనుకున్నాను. వెళ్లలేదు.

"మాష్టారూ, నేను అడిగితే చూపించవచ్చని ఉందిగా మీ చీటీలో. నేను అడుగుతున్నాను."

మూటను చదువుకునే గదిలో పెట్టాను. అక్కడి పద్ధతి చెప్పాను. సంచి బయట బల్ల మీదే ఉండాలి. ఉత్తరాలను మధ్యలోంచి లాగకూడదు. పైనుంచి ఒక్కొక్కటే తీసి చదివి, బోర్లించి పక్కన పెట్టాలి. అప్పుడే వరుస చెడదు.

"మీ బళ్లో వేళ్ల మీద కూడా కొడతారా?" అంది పిన్ని, కళ్లజోడు తుడుచుకుంటూ. తలుపు కొద్దిగా తీసి ఉంచి నేను హాల్లోకి వచ్చాను.

మూసేవేళ అయింది. నిబంధనమ్మ సంచి తగిలించుకుని, తాళాల గుత్తి నా చేతిలో పెట్టింది. "ఆవిడ చదివినంతసేపు చదవనివ్వండి. వేళ అయిపోయిందని ఇవాళ చెప్పకండి." మెట్లు దిగుతూ వెనక్కి తిరిగింది. "మీరు కూడా మీ ఆవిడ చీటీ కావాలంటే రేపు నకలు తీసుకోండి."

ఆమె వెళ్లాక మెట్ల మీద నెమ్మదైన అడుగులు వినిపించాయి, ఎక్కుతున్నవి. గుమ్మంలో గడియారాలాయన. చేతిలో కీ, మెడలో చిన్న భూతద్దం.

"అన్నగారూ, రేపు కదా మీరు రావలసింది?"

"బజారులో అనుకుంటుంటే విన్నాను. గడియారం కింద ఏదో…" గోడ మీది ఖాళీ చోటు చూసి ఆగాడు. "తీసేశారా?"

"తీసేశాం. తెరవకూడనిది తెరిచాం. మా ఆవిడ చీటీ ఇవాళ దొరికింది. మీ పేరు చూశాను." గొంతు బాగా తగ్గించాను. "మీరు చాలా మంచి పని చేశారు."

ఆయన తల అడ్డంగా ఊపాడు. "లైట్‌హౌస్‌లో దీపం తిప్పేది గడియార యంత్రమే మాష్టారూ. కుర్రతనంలో నెలకోసారి వెళ్లి తుడిచి వచ్చేవాణ్ణి. ఆమె ఉత్తరాలు అక్కడే కంట పడేవి. కరెంటు వచ్చాక ఆ యంత్రాన్ని విప్పడానికి నా కొట్టుకే పంపారు. మూట దాని పెట్టెలో ఉంది. ఆమెకివ్వలేకపోయాను. కాల్చలేకపోయాను. మీ ఆవిడకిచ్చాను. ఇందులో మంచేమీ లేదు." కీని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. "అడుగున ఉన్న ఉత్తరం చూశారా?"

"చూశాను. ‘ఇక నాకు రాయకు’ అని…"

"అది ఆమె రాసింది కాదు."

ఆయన తన వేళ్ల వైపు చూసుకున్నాడు. నేనూ చూశాను. ఎవరి రాతనైనా అచ్చుగుద్దినట్టు దింపే వేళ్లు.

"నేనే తీసుకెళ్లి అతని చేతికిచ్చాను. ఆమె పంపిందన్నాను. అతను చదివి, దీపం వెలిగించే వేళయిందని మెట్లెక్కి వెళ్లిపోయాడు. ఇన్నేళ్లూ చెప్పాలనే…"

మాట ఆగింది. చూపు నా వెనక బల్ల మీద ఉంది. రంగురంగుల గుడ్డ సంచి, చెక్క గుండీలు.

లోపలి గదిలోంచి కాగితం చప్పుడు వచ్చింది. ఒక ఉత్తరం తీసి, చదివి, బోర్లించి పెట్టిన చప్పుడు. ఇంకొకటి తీసిన చప్పుడు. ఆయన అడుగు లోపలి గది వైపు పడింది. మళ్లీ వెనక్కి వచ్చింది.

"ఎంతవరకు వచ్చింది?" నోరు కదిపినట్టుగా మాత్రమే అడిగాడు.

"తెలీదు అన్నగారూ. వెళ్లి ఆపమంటారా?"

ఆయన చేతిలోని కీని చప్పుడు కాకుండా నా బల్ల మీద పెట్టాడు.

"వద్దు. రేపు దీనికి కీ మీరే ఇవ్వండి. ఆమె బయటికి వచ్చాక… నేను ఇంట్లోనే ఉంటానని చెప్పండి. ఈ రాత్రి తలుపు గడియ వెయ్యనని చెప్పండి."

గుమ్మం దాటాడు. తలుపు కీచుమనే చోటు ఆయనకు తెలిసినట్టుంది. అక్కడ అరచేయి ఆనించి, పైకి కొంచెం ఎత్తి పట్టుకుని, మెల్లగా దగ్గరగా వేశాడు.